సముద్రతీరాన సన్యాసి: ఉదాత్తత గురించి

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808–1810 మధ్య గీసిన ‘సముద్రతీరాన సన్యాసి’లో చూడడానికి దాదాపు ఏమీ లేదు: కింద పాలిపోయిన ఇసుక, దానిపైన సన్నగా నల్లటి సముద్రం, మిగిలినదంతా ఆకాశం, ఆ ఇసుకపై ఒంటరిగా ఒక చిన్న మనిషి. భావోద్వేగానికి పెద్దపీట వేసిన రొమాంటిక్ చిత్రకారులు ప్రకృతిలో వెతికిన ఉదాత్తత (భయమూ విస్మయమూ కలిసిన అనుభూతి, ఆంగ్లంలో ‘సబ్లైమ్’), ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ గీసిన తుఫానుల్లో కన్నా ఈ నిశ్చలత్వంలోనే నాకు బలంగా తాకుతుంది.

మనకు హాని చేయనంత దూరంలో ఉన్న భయం ఒక విచిత్రమైన ఆనందాన్నిస్తుందని, అపారమైన విస్తీర్ణం, అస్పష్టత, శూన్యం, ఏకాంతం, నిశ్శబ్దం ఆ ఉదాత్త అనుభూతికి మూలాలని తత్వవేత్త ఎడ్మండ్ బర్క్ 1757లో వివరించాడు.

రంగుల పొరల కింద ఉన్నదాన్ని చూపే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) పరీక్షల్లో తెలిసిన ఒక సంగతి నన్ను ఎంతో కదిలిస్తుంది. ఫ్రీడ్రిక్ తొలుత సముద్రంపై ఓడలను గీసి, తర్వాత తొలగించాడు. అవి ఉంటే దూరాన్ని అంచనా వేయడానికి కంటికి ఒక ఆనవాలు, మనసుకు ఒక తోడు దొరికేవి. అవి లేకపోవడంతో చూపు ఆగే చోటే లేకుండా పోయింది. 1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనలో పెట్టిన ఈ చిత్రాన్ని గురించి రచయిత క్లైస్ట్, చూసేవాడి కనురెప్పలు కోసివేసినట్టుందని రాశాడు. అంతకన్నా కచ్చితమైన వర్ణన నాకు తెలియదు.

ఫోన్ తెరపై ఆ సన్యాసి కంటికి ఆనడు కనుక, ఈ చిత్రాన్ని వీలైనంత పెద్ద తెరపై చూడమని నా మనవి.