పండగ రష్‌లో మెట్లు ఖాళీగా ఉండాలి

సంక్రాంతి బేరాలు మొదలైతే విజయవాడ వన్‌టౌన్ బట్టల షాపుల్లో ఊపిరి పీల్చుకునే తీరికుండదు. మా షాపులోనూ అంతే. గోడౌన్ నిండగానే బేళ్లన్నీ మెట్ల మీదకి వచ్చేస్తాయి. నిన్న సాయంత్రం కౌంటర్ కింద ఎక్స్‌టెన్షన్ బాక్స్ దగ్గర కాలిన వాసన. వంగి చూస్తే ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడింది. సీరియల్ లైట్లు, ఫ్యాను, ప్రింటరు, టీ కెటిల్ అన్నీ ఆ ఒక్క బాక్సుకే! వెంటనే మెయిన్ ఆపేశాం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పైన చీరలు చూస్తున్నవాళ్లు, వాళ్ల చంటిపిల్లలు దిగాల్సింది ఆ మెట్ల మీదుగానే. ఆ టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఓనరు గారికి చెప్పాను. "బేరం టైములో ఇదేంటమ్మా" అన్నారు గానీ, మధ్యాహ్నానికల్లా మెట్లు ఖాళీ చేయించారు. ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇళ్లలో అరిసెలు వండుతున్న అమ్మలకి, అత్తయ్యలకి ఒక మాట. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పోయొద్దు. నీళ్లు అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెని పైకి చిమ్ముతాయి. మూకుడు కదపకుండా స్టవ్ ఆపి, స్టీలు పళ్లెం మూత పెట్టండి. గ్యాస్ వాసనొస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకేజీ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

తాళం వేసి ఊరెళ్లేవాళ్లు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఇల్లు ఖాళీగా ఉందని దొంగలకి తెలియకుండా, ఊరి ఫొటోలు తిరిగొచ్చాకే ఆన్‌లైన్‌లో పెట్టుకోండి.