నల్లమలలో హెడ్‌లైటు బల్బుతో ఒక పరీక్ష

పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో యర్రగొండపాలెం దాటి నల్లమల లోపలికి వెళితే, సెల్‌ఫోను సిగ్నలు అందని చెంచు గూడేలు ఇంకా ఉన్నాయి. ఉపగ్రహ ఇంటర్నెట్ వస్తే తేనె తీసేవారికి ఎంతవరకు పనికివస్తుందో తెలుసుకోవాలని, ఈ వేసవిలో అటవీ శాఖ అనుమతితో అటువంటి ఒక గూడెంలో మూడు రోజులు ఉన్నాను. ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే అమెరికా సంస్థ స్టార్‌లింక్‌కు టెలికాం శాఖ 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చినప్పటికీ నా దగ్గర యాంటెన్నా లేదు. అందుచేత ఆ సంస్థ చిన్న యాంటెన్నాతో దాదాపు సమానంగా కరెంటు తాగే 35 వాట్ల మోటారు సైకిలు హెడ్‌లైటు బల్బులు రెండు వెంట తీసుకువెళ్ళాను. నవ్వకండి, బ్యాటరీకి రెంటికీ తేడా తెలియదు.

మామూలు యాంటెన్నాకు 75 నుంచి 100 వాట్లు, చిన్నదానికి 25 నుంచి 40 వాట్లు కావాలి. ఒక్క బల్బు రాత్రింబవళ్ళు వెలిగితే రోజుకు 840 వాట్-అవర్లు ఖర్చవుతాయి. నా 150 వాట్ల సోలార్ పలక నిండు ఎండలో కూడా 650కి మించి ఇవ్వలేదు. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కనుక, ఎండ లేనప్పుడు చిన్న యాంటెన్నా 17 గంటలు, పెద్దది 8 గంటలు నడిస్తే గొప్ప.

చెట్ల సంగతి మరింత చిక్కు. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలు నిమిషాలలో ఆకాశం దాటిపోతాయి కాబట్టి యాంటెన్నాకు నలువైపులా తెరపి ఉండాలి, అడ్డుగా ఒక కొమ్మ ఉన్నా మాట తెగిపోతుంది. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలిచి కనిపించే ఉపగ్రహానికైతే ఆ ఒక్క దిక్కున సందు చాలు, కానీ ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి అర సెకను దాటుతుంది. గూడెంలో తెరపి ఉన్నది బడి కప్పు మీద మాత్రమే.

తేనె పట్టే కొండచరియ అక్కడికి రెండు గంటల నడక. నారతాడు పట్టుకుని ఒకరు చరియలోకి దిగితే, పైన తాడు పట్టేది బావమరిది. అక్కచెల్లెళ్ళ పసుపుకుంకాలు అతని చేతిలోనే ఉంటాయి. నేను చిన్న లోరా రేడియో (తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరం పంపే పరికరం) చూపించగానే పెద్దాయన, "తాడు కదిలితే వాడికి తెలుస్తది సారూ, ఈ డబ్బా ఏం చెబుతది?" అన్నారు. ఆయన మాట నిజమే. అయితే ఎవరైనా పడిపోయినా, ఎలుగుబంటి మీద పడినా గూడేనికి కబురు చేర్చేది ఆ డబ్బాయే. మధ్య గుట్ట మీద మరొకటి కట్టాక అక్షరాల సందేశాలు చేరాయి. బడి మీద యాంటెన్నా పెడితే, అది అక్కడినుంచి 108కి కబురు పంపగలిగితే చాలు, చరియ దగ్గర ఇంటర్నెట్ అక్కరలేదు.

రెండో పలక చేర్చి, మబ్బులు వారం రోజులు వీడని శ్రావణంలో ఇదే లెక్క మళ్ళీ తీయవలసి ఉంది.