లిస్టులో లేని కాలేజీ

"మీ కాలేజీని ఎంచుకోండి" అంది కన్సల్టింగ్ (ఇతర కంపెనీలకు సలహాలిచ్చే) ఉద్యోగం అప్లికేషన్. కిందికి జరుపుతూ పోయాను. మాది లేదు. అట్టడుగున "ఇతరములు" అని ఉంటే అదే నొక్కాను.

కాస్త ఒళ్లు మండింది. మార్కెట్ సైజు అంచనాలు, కంపెనీ లాభం ఎందుకు పడిపోయిందో తేల్చే కేసులు (ఇంటర్వ్యూలో ఇచ్చే సమస్యలు)... పేరున్న కాలేజీల వాళ్లు ప్రాక్టీస్ చేసేవే మేమూ చేస్తున్నాం. కాకపోతే వాళ్ల క్యాంపస్‌కి కన్సల్టింగ్ కంపెనీలే వెతుక్కుంటూ వస్తాయి. మనమేమో రిఫరల్ (కంపెనీలో పనిచేసేవాళ్ల సిఫార్సు) కోసం లింక్డిన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకు మెసేజ్‌లు పెట్టాలి. (చూసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. అలవాటైపోయింది లెండి.)

ఫైనాన్స్ వైపు సీఎఫ్‌ఏ (పెట్టుబడుల రంగంలో ఒక సర్టిఫికెట్) తొలి పరీక్ష లెవెల్ 1 నయం. ఎవరికైనా 180 ప్రశ్నలే, కాలేజీని బట్టి మార్కులు మారవు. అది పాసైనా ఇంటర్వ్యూ గ్యారంటీ ఏమీ లేదు, రెజ్యుమె ఎవరో ఒకరు తెరవాలిగా! అందుకే రేపు ఇంకో సీనియర్‌కి రాస్తున్నా.