సూప్ రుచంతా నీళ్లు పోయకముందే

చలి మొదలైందంటే సాయంత్రానికి పొయ్యి మీద ఏదో ఒక సూప్ ఉండాల్సిందే నాకు. ఇంట్లో చేసుకుంటే ఇంత తక్కువ ఖర్చులో కడుపు నింపేది ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. కానీ ఇంట్లో చేస్తే చప్పగా, నీళ్లనీళ్లగా వస్తుందని చాలామంది ప్యాకెట్లు కొంటారు. ఆ ప్యాకెట్ వెనక ఒకసారి చదవండి, చాలావాటిలో మొక్కజొన్న పిండి, ఉప్పు, చక్కెర ముందు వరసలో ఉంటాయి, కూరగాయలు ఎక్కడో చివర్లో కనిపిస్తాయి.

సూప్ చప్పగా వచ్చేది చవక కూరగాయలు వాడటం వల్ల కాదు, అన్నీ ఒకేసారి నీళ్లలో పడేయడం వల్ల. మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. ఉల్లిపాయ ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల దాకా కావాలి, అంటే నీళ్లు పోశాక గంటసేపు మరిగించినా ఆ రుచి రాదన్నమాట. అందుకే అడుగు మందంగా ఉన్న గిన్నెలో కాస్త నూనె వేసి, రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, చిటికెడు ఉప్పుతో సన్న సెగ మీద 20 నిమిషాలైనా వేగనివ్వండి. ముందు నీరు వదులుతాయి, తర్వాత మెత్తబడతాయి, ఆ తర్వాత అంచుల నుంచి రంగు మారుతూ గిన్నె అడుగున గోధుమరంగు పొర ఒకటి అంటుకుంటుంది. అది మాడు అనుకుని కడిగేయకండి! కాసిని నీళ్లు చల్లి చెక్క గరిటెతో గీకితే ఊడి వచ్చి సూప్‌లో కలుస్తుంది, అసలు రుచి అక్కడే ఉంది.

చిక్కదనానికి క్రీమ్ అక్కర్లేదు. ఒక బంగాళాదుంప, లేదా గుప్పెడు ఎర్రపప్పు చాలు, ఉడికి తనంతట తనే కరిగిపోతుంది. మిక్సీ పడితే మాత్రం వేడి తగ్గాకే పట్టండి, ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. రాజ్మా వేసేవాళ్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు బాగా తెర్లనివ్వాలి. సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, ఈ విషయంలో తొందరపడొద్దు.

ఇక మనం చెత్తబుట్టలో వేసేవి. క్యారెట్ చివర్లు, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగుల కాడలు, ఉల్లి పొట్టు అన్నీ శుభ్రంగా కడిగి ఒక కవర్‌లో వేస్తూ ఫ్రీజర్‌లో పెట్టండి. కవర్ నిండాక నీళ్లు పోసి ముప్పావుగంట సన్నగా మరిగించి వడగడితే స్టాక్, అంటే సూప్‌లో మామూలు నీళ్లకు బదులు పోసుకునే కూరగాయల రసం రెడీ, పైసా ఖర్చు లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ముక్కలు మాత్రం వద్దు, మరిగేకొద్దీ గంధకం వాసన వచ్చి మిగతా రుచంతా చెడగొడతాయి.

ఉప్పు చివర్లో చూసుకోండి, ఎందుకంటే నీరు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. అంతా బాగానే ఉంది కానీ ఏదో తగ్గిందనిపిస్తే ఇంకా ఉప్పు వేయకుండా, దింపాక అర చెంచా నిమ్మరసం పిండి చూడండి. పులుపు తెలియదు, కానీ రుచి ఒక్కసారిగా లేస్తుంది.

నేనెప్పుడూ పెద్ద గిన్నెడు చేస్తాను, గ్యాస్ కూడా కలిసొస్తుంది. మిగిలింది వెడల్పాటి గిన్నెల్లోకి పోసి త్వరగా చల్లార్చి, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి, 3 రోజులు హాయిగా ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టేటట్లయితే డబ్బా నిండా పోయకండి, గడ్డకడితే ఉబ్బుతుంది. పాస్తా, అన్నం లాంటివి తినేటప్పుడే కలుపుకోండి, ముందే వేస్తే తెల్లారేసరికి నీరంతా పీల్చేసుకుంటాయి. పప్పు వేసిన సూప్ కూడా మర్నాటికి గట్టిపడుతుంది, కాసిని వేడినీళ్లు పోసి బాగా మరిగించుకుని తాగండి.