చీటీతో తేలిన రజతం: ఆంట్‌వెర్ప్, 1920

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లయినా నిండకముందే, 1920 వేసవిలో, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరం ఒలింపిక్ క్రీడలకు ఆతిథ్యమిచ్చింది. 1908 లండన్‌లోనూ 1912 స్టాక్‌హోమ్‌లోనూ చోటు దక్కని వెయిట్‌లిఫ్టింగ్ అక్కడ తిరిగి ఒలింపిక్ వేదిక ఎక్కింది. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్‌లో శరీర బరువును బట్టి పోటీదారులను ఐదు విభాగాలుగా విడదీయడం కూడా ఆంట్‌వెర్ప్‌లోనే మొదలైంది. ఆ ఐదింటిలో నడిమిదైన మిడిల్‌వెయిట్, అంటే 75 కిలోల లోపు వారి పోటీ, నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

ఆనాడు ఎత్తవలసిన పద్ధతులు మూడు: ఒంటిచేత్తో స్నాచ్, ఒంటిచేత్తో క్లీన్ అండ్ జెర్క్ (బరువును ముందు భుజం దాకా లేపి, అక్కడి నుంచి తలపైకి ఎత్తడం), రెండు చేతులతో క్లీన్ అండ్ జెర్క్. ఒంటిచేతి స్నాచ్‌లో బార్‌ను నడుమ పట్టుకొని, నేల మీద నుంచి ఒక్క ఊపులో తలపైకి లేపి, చెయ్యి పూర్తిగా చాచి నిలబడాలి. బార్ ఏమాత్రం పక్కకు ఒరిగినా సరిదిద్దుకోవడానికి రెండో చెయ్యి ఉండదు కనుక, కండబలానికి ఎంత విలువ ఉందో తూకం తప్పని పట్టుకూ అంతే విలువ ఉండేది. ఈ విద్య ఒలింపిక్ పోటీల నుంచి తర్వాత పూర్తిగా కనుమరుగు కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రి గాన్స్ మూడింటిలో కలిపి 245 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. ఇటలీ క్రీడాకారుడు పియెట్రో బియాంకి, స్వీడన్ క్రీడాకారుడు ఆల్బర్ట్ పెటర్సన్ ఇద్దరూ సరిగ్గా 237.5 కిలోల వద్ద ఆగారు. రెండో స్థానం ఎవరిదో తేల్చడానికి చీటీ తీశారు. రజతం బియాంకికి, కాంస్యం పెటర్సన్‌కు దక్కాయి. అంత బరువు ఎత్తినవాడి స్థానాన్ని బరువుతో సంబంధమే లేని అదృష్టానికి వదిలేయడం అన్యాయమని నా అభిప్రాయం. ఇద్దరికీ రజతం ఇచ్చి ఉంటే ఎవరి గౌరవానికీ లోటు వచ్చేది కాదు. 1936 బెర్లిన్‌లో లైట్‌వెయిట్ విభాగంలో ఆస్ట్రియా క్రీడాకారుడు రాబర్ట్ ఫైన్, ఈజిప్టు క్రీడాకారుడు అన్వర్ మెస్బా సమానంగా 342.5 కిలోలు ఎత్తినప్పుడు ఇద్దరికీ స్వర్ణం ఇచ్చారు కూడా.

ఆంట్‌వెర్ప్ అంకెలలో మరో విచిత్రం ఉంది. మిడిల్‌వెయిట్ కన్నా తక్కువ బరువు గల లైట్‌వెయిట్ విభాగంలో ఎస్టోనియాకు చెందిన ఆల్ఫ్రెడ్ నేలాండ్ 257.5 కిలోలు ఎత్తాడు. అంటే మిడిల్‌వెయిట్ విజేత కన్నా 12.5 కిలోలు ఎక్కువ. ఇది గాన్స్ విజయాన్ని తగ్గించదు, నేలాండ్ ఎంతటివాడో చెబుతుంది. నాలుగేళ్లకు, 1924లో పారిస్‌లో, నేలాండ్ తానే మిడిల్‌వెయిట్‌కు మారాడు. అక్కడ ఎత్తవలసిన పద్ధతులు ఐదుకు పెరిగాయి కనుక మొత్తాలను ఆంట్‌వెర్ప్‌తో పోల్చకూడదు. నేలాండ్ 455 కిలోలు ఎత్తినా, ఇటలీకి చెందిన కార్లో గాలింబెర్తి 492.5 కిలోలతో చాలా ముందుకు వెళ్లిపోయాడు. మూడో స్థానం 450 కిలోలు ఎత్తిన మరో ఎస్టోనియా క్రీడాకారుడు యాన్ కిక్కస్‌కు దక్కింది. ఈసారి ముగ్గురి స్థానాలనూ వారు ఎత్తిన బరువే నిర్ణయించింది.