రైలు వేసింది దొరలే, డబ్బు కట్టింది?

సంక్రాంతికి రాజమండ్రి వెళ్తే మా మామయ్యతో గొడవ తప్పదు. ఈసారి హేవలాక్ వంతెన కనిపించేలా గట్టు మీద కూర్చున్నాం. "ఏదేమైనా తెల్లోడు రైలేశాడురా. అది కూడా దోపిడీ అంటావేంటి?" అన్నాడు.

నిజానికి మార్క్స్ కూడా ఒకప్పుడు కాస్త అటుగానే మాట్లాడాడు. 1853 ఏప్రిల్‌లో బొంబాయి నుంచి ఠాణేకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆగస్టులో ఆయన న్యూయార్క్ పత్రికలో రాశాడు: ఆంగ్లేయులు తమ పత్తి కోసమే పట్టాలు వేస్తున్నా, వాటి వెనకాలే ఇక్కడ ఆధునిక పరిశ్రమ రాక తప్పదని.

వచ్చింది మాత్రం బిల్లు. లండన్‌లో రైల్వే కంపెనీల షేర్లు కొన్నవాళ్లకు ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వ గ్యారంటీ. రైళ్ల మీద అంత రాకపోతే మిగతాది ఇండియా ఖజానా పూడ్చాలి. ఖజానాలో పెద్ద వాటా రైతు శిస్తే కాబట్టి, రైలెక్కని వాడు కూడా టికెట్ కొన్నట్టే. పట్టాలు, ఇంజన్లు ఎక్కువగా ఇంగ్లండు నుంచే. నష్టమే లేని వ్యాపారంలో పొదుపు ఎవడికి కావాలి? వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసిన మాసీయే పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నాడు: 5 శాతం వస్తున్నంతకాలం, తన డబ్బుతో గోడలు కట్టారా, హుగ్లీ నదిలో పోశారా అన్నది మదుపరికి అనవసరం అని. 1916లో లెనిన్ రాసిన 'పెట్టుబడి ఎగుమతి' (ధనిక దేశాల డబ్బు లాభం కోసం బయటి దేశాలకు వెళ్లడం) నాకు బుర్రకెక్కింది ఈ హుగ్లీ మాటతోనే. (హేవలాక్ వంతెన ఉన్న లైను గ్యారంటీ కంపెనీది కాదు, ప్రభుత్వం వేసిందే. గొడవలో గెలవడానికి అది దాచను.)

1881 ఫిబ్రవరిలో డేనియల్‌సన్ అనే రష్యన్ మిత్రుడికి రాసిన ఉత్తరంలో మార్క్స్ గొంతే వేరు. రైల్వే డివిడెండ్లు, పింఛన్లు, యుద్ధాల ఖర్చులు అంటూ ఇండియా ఏటా ఇంగ్లండుకు ఊరికే పంపే సరుకు, ఆరు కోట్ల మంది శ్రామికుల మొత్తం ఆదాయం కన్నా ఎక్కువన్నాడు. నెత్తురు తోడెయ్యడమే ఇది అన్నాడు.

"నీ మార్క్స్ అలాగే అంటాడులే. ఇండియా మొహం చూశాడా?" మామయ్య మిరపకాయ బజ్జీ కొరికాడు.

చూడలేదు, నిజమే. ఇక గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను దింపాను. మామయ్య దేవుడి గదిలో ఆయన ఫొటో ఉంది మరి. ఇండియాకు కావలసింది నీటి రవాణా, రైళ్లు పూర్తిగా విఫలమయ్యాయి అని కాటనే పార్లమెంటు కమిటీకి చెప్పాడన్నాను.

బజ్జీ ఆగింది.

"కాటన్ దొరే?"

"ఆయనే."

"అయితే ఏదో ఉండే ఉంటుంది. ఆ ఐదు శాతం సంగతి మళ్లీ చెప్పు."