ఇసకపల్లి డ్రెయిన్ దగ్గర కొంగలు

పండగ సెలవుల తర్వాత నీళ్ల శాంపిళ్లూ పక్షుల లెక్కలూ తియ్యడానికి ఇవాళే మళ్లీ ఫీల్డుకి వెళ్లాం, నేనూ మా జూనియరూ. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూడాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి. రాత్రంతా నీళ్లలోని పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి, పొద్దు పొడిచే వేళకి అది బాగా తగ్గిపోతుంది. చేపలకీ పురుగులకీ అసలు కష్టం అప్పుడే. పదింటికి తీసిన శాంపిల్లో ఆ కష్టం కనబడదు.

ముందు ఉప్పు మడుల పక్కనున్న బురద నేలకి పోయాం. ఆటు వేళ కాబట్టి నీళ్లు వెనక్కి తీసి ఉన్నాయి. లిటిల్ స్టింట్లు గుంపులుగా దిగి మేస్తున్నాయి. పాతిక గ్రాములుంటుందేమో ఆ పిట్ట. ఎక్కడో ఆర్కిటిక్ దగ్గర గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, చలికాలానికి మా నెల్లూరు తీరానికి వస్తుంది. తల ఎత్తకుండా కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూనే ఉంది. అవి లేచిపోయాక అక్కడి బురద కాస్త తీసి జల్లెడలో కడిగితే సన్నటి ఎర్ర పురుగులు, గోరంత కూడా లేని గుల్లలు బయటపడ్డాయి. మళ్లీ అంత దూరం ఎగిరిపోవడానికి కావలసిన కొవ్వు దానికి వీటి నుంచే రావాలి.

తర్వాత రొయ్యల గుంటల డ్రెయిన్. నిన్న ఒక గుంటలో రొయ్యల పట్టుబడి అయిందట, నీళ్లన్నీ ఇందులోకే వదిలారు. అడుగున నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. స్టింట్ ఒక్కటీ లేదు. కానీ తెల్ల కొంగలు మాత్రం గట్టు పొడవునా బారులు తీరి ఉన్నాయి. గుంటల దగ్గర కాపలా ఉండే పెద్దాయన మమ్మల్ని చూసి వచ్చాడు.

"మా నీళ్లు చెడిపోయినాయంటారే, మరి ఇన్ని కొంగలు ఎందుకొస్తాయి పాపా?"

మంచి ప్రశ్న. లెక్కల కాగితం మీద చూస్తే ఆయన మాటే నెగ్గుతుంది, పక్షులు ఇక్కడే ఎక్కువ. "మామా, ఒకసారి ఇటు చూడు" అని సీసాలో డ్రెయిన్ నీళ్లు పట్టి, మాంగనీస్ సల్ఫేటు, ఆ తర్వాత ఆల్కలీ అయోడైడ్ వేసి మూత బిగించి తిప్పాను. ఉప్పు మడుల దగ్గర పట్టిన సీసాలో చిక్కటి గోధుమరంగు మడ్డి దిగింది. ఇందులో దాదాపు తెల్లగా దిగింది. ఆక్సిజన్ ఉంటేనే ఆ గోధుమరంగు వస్తుందని చెప్పి, కాలువలోకి చూపించా. చిన్న చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి ఊపిరికి కొట్టుకుంటున్నాయి. కొంగ నాలుగడుగులు కూడా వెయ్యకుండా ఉన్నచోటే ఏరుకు తింటోంది.

పెద్దాయన చాలాసేపు రెండు సీసాలూ మార్చి మార్చి చూశాడు. "రైతు మాత్రం ఏం చేస్తాడు పాపా, రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే పెట్టుబడంతా పోయినట్టే" అన్నాడు. అదీ నిజమే. వాళ్ల బతుకును కాదని పిట్టల గురించి మాట్లాడడం నాకూ చేతకాదు. 5 హెక్టార్లు దాటిన రొయ్యల ఫారాలకైతే నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలని నిబంధన ఉంది. ఇక్కడ మాత్రం ఎక్కువగా ఎకరం, రెండెకరాల గుంటలే, అన్నింటి నీళ్లూ ఈ ఒక్క డ్రెయిన్‌లోకే. పది మంది కలిసి ఒక తేర్పుడు చెరువు తవ్వుకుని, బురద అడుక్కి దిగాక పైనీళ్లు వదిలితే చాలా తేడా వస్తుంది. దానికి జాగా ఎవరిస్తారన్నదే తగువు. ఆ జాగా ప్రభుత్వమే చూపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సాయంత్రం ల్యాబులో ఆక్సిజన్ ఎంతుందో తేల్చే టైట్రేషన్లు ముగించి, నీళ్లలోని మురికి కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చూసే బీఓడీ సీసాలు 27 డిగ్రీల్లో పెట్టేశా. 3 రోజులు ఆగాలి. మా పని చూసే మేడమ్‌కి ఫోన్ చేసి, పక్షులన్నిటినీ కలిపి ఒకే లెక్క వెయ్యొద్దని అడిగా. బురదలో పురుగులు తినేవి వేరు, చేపలు తినేవి వేరుగా పట్టిక వేస్తేనే ఈ డ్రెయిన్ సంగతి తేలుతుంది. స్టింట్లు లేని చోట సున్నా అని రాయాలి, ఖాళీగా వదలకూడదు. ఆమె సరేనన్నారు, పాత లెక్కలు కూడా అలాగే విడగొట్టమన్నారు. అదొక వారం పని.

శుక్రవారం పక్క గుంటలో పట్టుబడి ఉందని పెద్దాయనే చెప్పాడు. నీళ్లు వదలకముందు ఒకసారి, వదిలాక ఒకసారి శాంపిల్ తియ్యాలి. గురువారం రాత్రికే ఇసకపల్లికి దగ్గర్లోని అల్లూరు చేరుకోవాలి, అమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచడం మేలు.